కథోలిక దేవాలయ నియమాలు: భక్తులకు తరచుగా వచ్చే సందేహాలు

కథోలిక విచారణల్లో పాటించే నియమాలన్నీ ఒకే తరగతివి కావు. మార్చే అధికారం తనకే లేదని శ్రీసభ చెప్పే నియమాలు కొన్ని. జ్ఞానస్నానానికి నీళ్లే వాడాలి, దివ్యపూజాబలికి గోధుమ రొట్టె, ద్రాక్షారసమే ఉండాలి అన్నవి ఈ కోవలోవి. రెండో రకం ప్రపంచమంతటా వర్తించే చట్టం. 1983లో రెండో జాన్‌పాల్ పోపు వెలువరించిన కానన్ చట్టం, రోమను పూజాగ్రంథంలోని సూచనలు దీనికి ఆధారం. కాలాన్ని బట్టి పోపు వీటిని మార్చవచ్చు. తగిన కారణం ఉంటే కొన్నింటి నుంచి పీఠాధిపతి మినహాయింపు ఇవ్వవచ్చు. మూడోవి విచారణ స్థాయి ఏర్పాట్లు: పూజ వేళలు, మొదటి సత్ప్రసాదానికి ముందు జరిగే తరగతులు, పెళ్లికి తేవలసిన కాగితాలు.

ఈ మూడింటినీ కలగలిపి చూసినప్పుడే చాలా సందేహాలు పుడతాయి. కానన్ చట్టంలోని 1,752 నియమాల్లో చిట్టచివరిది, ఆత్మల రక్షణే శ్రీసభకు పరమ ధర్మమని చెబుతుంది. ఆ మాట మనసులో పెట్టుకుని మిగిలినవి చదివితే, చాలావాటిలో రోగులకు, పేదలకు, దిక్కులేనివారికి ఉంచిన వెసులుబాటు కనిపిస్తుంది.

పూజా విధానం

రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన పత్రం పూజలో లాటిన్‌తో పాటు ప్రజల భాషలకు చోటిచ్చింది. తెలుగులో పూజ దాని ఫలితమే. గురువైనా సరే, సొంత అధికారంతో పూజలో ఏదీ కలపకూడదు, తీసేయకూడదు, మార్చకూడదని కూడా అదే పత్రం కట్టడి చేసింది. ఇది భక్తులకు రక్ష. గుంటూరులో ఉన్నా వరంగల్‌లో ఉన్నా వారికి అందవలసింది ఒక గురువు అభిరుచి కాదు, శ్రీసభ ప్రార్థన.

స్థానిక సంప్రదాయాలకూ చోటుంది. 1969 ఏప్రిల్ 25న భారతదేశం కోసం 12 అంశాలను రోమ్ ఆమోదించింది. చెప్పులు విడవడం, నేలమీద కూర్చోవడం, అంజలి ఘటించడం, పంచాంగ ప్రణామం, నూనె దీపాలు, హారతి వాటిలో ఉన్నాయి. ఎంతవరకు పాటించాలన్నది పీఠాధిపతుల నిర్ణయం. కాబట్టి పూజలో హారతి పట్టడం ఎవరో సొంతంగా తెచ్చిపెట్టిన వాడుక కాదు.

ఆదివారం విధి

ఆదివారం పూజలో పాల్గొనడం కథోలికులకు విధి. శనివారం సాయంత్రం పూజకు వెళ్లినా అది తీరుతుంది. సొంత విచారణలోనే చూడాలని లేదు. జబ్బుపడినవారికి, పసిపిల్లలను చూసుకునేవారికి, తప్పించుకోలేని ఇబ్బందిలో ఉన్నవారికి ఈ విధి వర్తించదు. టీవీలో వచ్చే పూజ మంచం పట్టినవారికి ఊరటనిస్తుంది గాని, నడిచి రాగలిగినవారికి గుడికి బదులు కాదు. ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే పూజ తప్పినట్టు అనే లెక్క చట్టంలో లేదు. వాక్య పఠనం, బలి రెండూ కలిసి ఒకే ఆరాధన గనుక మొదటి నుంచి చివరి ఆశీర్వాదం దాకా ఉండడమే సరైన పద్ధతి.

సత్ప్రసాద స్వీకరణ

ఒకప్పుడు సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. 12వ పయస్ పోపు 1953లో నీళ్లకు అనుమతిచ్చారు, 1957లో ఉపవాసాన్ని 3 గంటలకు తగ్గించారు. 1964లో 6వ పాల్ పోపు దాన్ని గంటకు కుదించారు. నేటికీ అదే నియమం. ఆ గంట లెక్క పూజ మొదలయ్యే సమయానికి కాదు, సత్ప్రసాదం తీసుకునే సమయానికి. నీళ్లు, మందులు ఉపవాసాన్ని భంగం చేయవు. వృద్ధులు, రోగులు, వారికి సేవ చేసేవారు గంట లోపల ఏదైనా తిన్నా స్వీకరించవచ్చు.

నాలుకపై తీసుకునే హక్కు ప్రతి భక్తుడికీ ఉంది. అనుమతి ఉన్నచోట చేతిలోనూ తీసుకోవచ్చు. అప్పుడు ఒక అరచేతి కింద మరో అరచేయి ఉంచి, ‘ఆమెన్’ అని పలికి, గురువు ఎదుటే నోట వేసుకోవాలి. వేళ్ల సందున పట్టి లాక్కోవడం, చేతిలో పెట్టుకుని బెంచీ దాకా నడవడం తగవు. ఒకే రోజు రెండోసారి తీసుకోవాలంటే మరో పూజలో పూర్తిగా పాల్గొనాలి. ప్రాణాపాయంలో ఉన్నవారికి ఆ షరతు లేదు. ఘోరపాపం చేశామని తెలిసినవారు ముందు పాపసంకీర్తనం చేసుకోవాలి.

ఫిబ్రవరిలో విజయవాడ గుణదలమాత తిరునాళ్లకు అన్ని మతాలవారూ వస్తారు. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ భక్తి అందరిదీ. సత్ప్రసాదం మాత్రం పంచిపెట్టే ప్రసాదం లాంటిది కాదు. అది సాక్షాత్తు క్రీస్తు శరీరమన్న విశ్వాసంలో ఒకటైనవారు స్వీకరించేది. ఇతరులకు ఇవ్వకపోవడం చిన్నచూపు వల్ల కాదు.

ఉపవాసం, మాంసం

విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం రెండు రోజులూ ఉపవాసం ఉండాలి, మాంసం మానాలి. ఉపవాసం 18 ఏళ్లు నిండినప్పటి నుంచి 59 నిండేదాకా, మాంసం మానడం 14 నిండినప్పటి నుంచి వర్తిస్తాయి. ఉపవాసమంటే పూర్తి పస్తు కాదు. రోజుకు ఒక్క పూట కడుపునిండా తిని, మిగతా వేళల్లో కొద్దిగా తీసుకోవచ్చు. చేపల కూర, గుడ్డు, పెరుగు నిషేధం కిందికి రావు. మిగిలిన శుక్రవారాల్లో మాంసం మానడానికి బదులు వేరే తపోక్రియను పీఠాధిపతుల సమాఖ్య నిర్ణయించవచ్చు. రోగులు, గర్భిణులు, కాయకష్టం చేసేవారు శక్తికి మించి పస్తుండాలని శ్రీసభ కోరదు.

జ్ఞానస్నానం

బిడ్డ పుట్టిన తొలి వారాల్లోనే జ్ఞానస్నానం ఇప్పించే బాధ్యత తల్లిదండ్రులది. జ్ఞానతండ్రి గాని జ్ఞానతల్లి గాని ఒక్కరున్నా చాలు. ఇద్దరుంటే ఒక పురుషుడు, ఒక స్త్రీ కావాలి. సాధారణంగా వారికి 16 ఏళ్లు నిండాలి, భద్రమైన అభ్యంగనం, సత్ప్రసాదం పొంది ఉండాలి. కన్న తల్లిదండ్రులు ఆ స్థానంలో నిలబడకూడదు. జ్ఞానస్నానం పొందిన వేరే సంఘపు బంధువు, కథోలిక జ్ఞానతండ్రి లేదా జ్ఞానతల్లి పక్కన సాక్షిగా ఉండవచ్చు. వేరే సంఘంలో నీటితో, పిత పుత్ర పవిత్రాత్మ నామాన జ్ఞానస్నానం పొందినవారు కథోలికులైతే దాన్ని మళ్లీ ఇవ్వరు. ఆస్పత్రిలో పసికందు ప్రాణం మీదికి వస్తే గురువు కోసం ఎదురుచూడనక్కర్లేదు. శ్రీసభ ఉద్దేశించినదే చేయాలన్న తలంపుతో పక్కనున్న నర్సు నీళ్లు పోసి ఆ మాటలు పలికినా చెల్లుతుంది, ఆమె ఏ మతస్థురాలైనా సరే.

జ్ఞానస్నానాల రిజిస్టరులో ప్రతి పేరు పక్కనా అంచున కొంత జాగా ఉంటుంది. ఆ బిడ్డ పెరిగాక పొందే భద్రమైన అభ్యంగనం, పెళ్లి, గురుపట్టాభిషేకం ఏ ఊళ్లో జరిగినా కబురు ఇక్కడికి చేరి ఆ జాగాలోకి ఎక్కాలి. బీరువాలో లామినేషన్ చేయించి దాచుకున్న పాత సర్టిఫికెట్‌లో ఆ కబుర్లుండవు. పెళ్లికి కొత్త ప్రతి అడగడానికి కారణం ఇదే.

వివాహం

కథోలికుల పెళ్లి విచారణ గురువు గాని, అధికారం పొందిన మరో గురువు లేదా డీకన్ గాని, ఇద్దరు సాక్షులు ఉండగా జరగాలి. పూజలో పెళ్లి ప్రకటనలు చదివేది ఏదైనా ఆటంకం ఉంటే ముందే తెలియాలని, మోసపోయే అమాయకులను కాపాడాలని. ఆశీర్వదించిన మంగళసూత్రం కట్టడం తెలుగువారి ఆచారం. చట్టం దృష్టిలో పెళ్లిని పెళ్లి చేసేది వధూవరులు స్వేచ్ఛగా ఇచ్చే సమ్మతి. జ్ఞానస్నానం లేనివారితో పెళ్లికి పీఠాధిపతి మినహాయింపు తప్పనిసరి, అది లేకపోతే పెళ్లి చెల్లదు. వేరే సంఘపు క్రైస్తవులతోనైతే అనుమతి కావాలి. విశ్వాసాన్ని నిలుపుకుంటామని, పిల్లలను కథోలికులుగా పెంచడానికి శక్తిమేరకు ప్రయత్నిస్తామని కథోలిక వధువో వరుడో మాటివ్వాలి. రెండోవారికి ఆ సంగతి తెలియజేస్తారు, మతం మారాలన్న షరతు లేదు.

పూజ కానుక

ఒక ఉద్దేశం కోసం పూజ చేయించేవారు ఇచ్చే కానుక పూజకు వెల కాదు. ఒక్కో కానుకకు ఒక్కో పూజ చేయాలి. గురువు రోజుకు ఎన్ని పూజలు చేసినా, క్రిస్మస్ నాడు తప్ప, ఒక్క కానుకే తన దగ్గర ఉంచుకోవచ్చు. ఇచ్చుకోలేని పేదల ఉద్దేశాల కోసం కానుక లేకుండానే పూజ చేయాలని చట్టం గురువులను కోరుతుంది. పేదరికం వల్ల ఎవరికీ దివ్యసంస్కారాలు అందకుండా పోకూడదు.

అంత్యక్రియలు

భూస్థాపననే శ్రీసభ ఇష్టపడుతుంది. 1963 నుంచి దహనానికీ అనుమతి ఉంది. అయితే అస్థికలను సమాధుల తోటలోనో మరో పవిత్ర స్థలంలోనో ఉంచాలని 2016లో రోమ్ స్పష్టం చేసింది. నదిలో కలపడానికి ఒప్పుకోదు. ఆత్మహత్య చేసుకున్నవారికి అంత్యక్రియలు నిరాకరించాలన్న పాత నిబంధన 1983 చట్టంలో లేదు. జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులు అనుకుంటుండగానే కన్నుమూసిన పసిబిడ్డకు కూడా పీఠాధిపతి అనుమతితో శ్రీసభ అంత్యక్రియలు జరపవచ్చు.