తుప్పు కింద ముద్ర
అటక మీద దొరికిన పాత సైనిక తుపాకిని చదవడం, దాచుకోవడం

“రాయలసీమ ఇళ్లలో పాత తుపాకులు. ఆదివారం ముఖచిత్ర కథనం. గురువారం సాయంత్రానికి కావాలి. అనంతపురం జిల్లా యాడికి వైపు నుంచి మొదలుపెట్టండి” అన్నారు సంపాదకులు. తుపాకి మీద నాకు మోజు లేదు. సీమలో ఆ మాట వింటే కళ్ల ముందుకొచ్చేది తెగిన తాళిబొట్లే. వెనకాడుతూనే మొదలుపెట్టాను. కానీ బొటనవేలు పట్టేంత చోట చెక్కిన ఒక సింహం నన్ను కదలనివ్వలేదు.

ముందుకాళ్ల మధ్య కిరీటం పట్టుకుని నిలబడ్డ ఆ సింహం ఈస్టిండియా కంపెనీ ముద్ర. తుపాకి పక్కన, సుత్తి బిగించిన ఇనుప పలక మీద ఉంటుంది. అంతకుముందు కంపెనీ హృదయాకారం గీసి, పైన నాలుగు అంకెలాంటి గుర్తు వేసేది. 1808 ప్రాంతంలో దాని స్థానంలోకి సింహం వచ్చింది.

ఇక అటక మీది తుపాకి దగ్గరికి రండి. “ఇది మా జేజినాయన వాళ్లకు టిప్పు సుల్తాన్ ఇచ్చిందంట” అని ఇంట్లో చెప్పుకుంటారనుకుందాం. పలక మీద సింహం కనిపిస్తే ఆ మాట నిలవదు. టిప్పు 1799 మే 4న శ్రీరంగపట్నంలో నేలకొరిగాడు. అలాగే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనుచరులు పట్టిన తుపాకి అన్నారనుకోండి. ఆయన్ను కోయిలకుంట్లలో ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న. మీ చేతిలో ఉన్నది వెనకవైపు మూత తెరిచి తూటా పెట్టే స్నైడర్ అయితే ఆ మాటా నిలవదు, అది బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది 1866లో. కథ తప్పినంత మాత్రాన తాత అబద్ధమాడినట్టు కాదు. నోటి మాటలో కాలం జారిపోతుంది. ఇనుము మీద అచ్చు జారదు.

ముద్ర తర్వాత చూడాల్సింది గొట్టం లోపల. రైఫిల్ అంటే లోపల మెలితిరిగిన గాడులుండాలి. గుండు గిర్రున తిరుగుతూ సూటిగా, దూరంగా వెళ్లేది వాటివల్లే. పైకి అచ్చం ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లా ఉండి, లోపల నున్నగా ఉన్న తుపాకి దొరికితే దాన్ని తీసిపారేయకండి. 1857 తిరుగుబాటు తర్వాత దొరలు భారతీయ సిపాయిల కోసం గాడులు లేని తుపాకులు తయారు చేయించారు. తెల్ల సైనికుడికి రైఫిల్, మన సిపాయికి నున్నటి గొట్టం. మనవాళ్లకు వాళ్లెంత భయపడ్డారో ఆ గొట్టంలో చూడొచ్చు. ఇన్ని కాగితాలు తిరగేసినా ఇంతకన్నా సూటి సాక్ష్యం నాకు దొరకలేదు.

తర్వాతి ముద్రలు చదవడం తేలిక. కిరీటం కింద ‘వి.ఆర్.’ ఉంటే విక్టోరియా కాలం. ‘జి.ఆర్.ఐ., ఇషాపూర్’ అని, కింద సంవత్సరం ఉంటే బెంగాల్ కర్మాగారంలో తయారైన లీ-ఎన్‌ఫీల్డ్, మనం త్రీనాట్‌త్రీ అనేది. స్వాతంత్ర్యం తర్వాత కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి. ఒక్క ముద్రను చూసి తేల్చేయకండి. సరిహద్దు పఠాన్ కమ్మరులు ముద్రలతో సహా నకళ్లు చేశారు. అక్షరం తిరగబడినా, తప్పుగా ఉన్నా అనుమానించాలి.

ఈ ముద్రల వెనకున్న సీమ చరిత్ర క్లుప్తంగా: యాడికికి పొరుగునున్న గుత్తి కోట 1776లో మరాఠా సర్దారు మురారిరావు చేజారి హైదరాలీకి చిక్కింది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారాదత్తం చేశాడు. కలెక్టర్ మన్రో పాళెగాళ్లను అణచాడు. 1878 ఆయుధాల చట్టం లైసెన్సును తెచ్చింది.

కాపాడే సంగతికొస్తే, అనంతపురం పొడిగాలి ఇనుముకు మేలే చేస్తుంది, కర్రను మాత్రం పగలగొడుతుంది. అందుకే ఎండ తగలని గదిలో పడుకోబెట్టండి. తోలు ఒరలో, గోనెలో, ప్లాస్టిక్‌లో చుట్టొద్దు, చెమ్మ లోపలే నిలుస్తుంది. చేతి చెమటలోని ఉప్పు కూడా తుప్పు తెస్తుంది, నూలు తొడుగులు వేసుకోండి. వంటనూనె జిగురెక్కుతుంది. పల్చగా యంత్రాల నూనె చాలు. ఆయుధపూజకు పసుపు కుంకుమ పక్కనున్న పీటకు పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, గరుకు కాగితంతో రుద్దొద్దు. మెరుపు కోసం రుద్దితే ముందు అరిగేది ముద్రే.

<b>ముట్టుకునే ముందు</b>
పాత తుపాకిలో మందు దట్టించి ఉండొచ్చు. తుపాకిమందు పొడిగా ఉంటే ఎన్నేళ్లయినా అంటుకుంటుంది. గొట్టాన్ని మనుషుల వైపు తిప్పొద్దు, మీట నొక్కొద్దు. తెలిసినవాళ్లు గొట్టంలోకి కర్ర దించి, అది ఎంత లోతుకు పోయిందో బయట కొలిచి చూస్తారు. కర్ర అడుగుదాకా పోకపోతే లోపల ఏదో ఉన్నట్టే. ఆ పని పోలీసు ఆయుధ నిపుణులకే వదలండి.

<b>చట్టం మాట</b>
లైసెన్సుదారు చనిపోతే ఆయుధాన్ని పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ అప్పగించి, వారసులు తమ పేరిట దరఖాస్తు చేసుకోవాలి. 2019 సవరణతో ఒకరికి రెండు తుపాకులకు మించి కుదరదు, వారసత్వంగా వచ్చినా అంతే. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, బాగుచేసినా పేలని పాతకాలపు తుపాకికి మినహాయింపు ఉంది. అది పేలదని మీకు మీరే తేల్చుకోకండి. త్రీనాట్‌త్రీ నిషిద్ధ శ్రేణి ఆయుధం, మామూలు లైసెన్సు దానికి చెల్లదు. అదే రూపంలో పౌరుల కోసం ప్రభుత్వ కర్మాగారాలు చేసినది .315. రెంటినీ కలిపేయకండి.

భయపడి ఇంట్లో దొరికిన తుపాకిని బావిలో పడేయకండి, పాత ఇనుము కింద అమ్మకండి. కదిలించకుండా ముందు స్టేషన్‌కు కబురు పెట్టండి. వాళ్ల అనుమతితో ముద్రల ఫోటోలు తీసి, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో ఇంటి పెద్దలను అడిగి రాసిపెట్టండి. ఆ కాగితమూ ఆ ముద్రా కలిస్తేనే మీ ఇంటి తుపాకి చరిత్ర అవుతుంది.