పాత పికప్ కొంటున్నారా? రంగు కాదు, రికార్డు చూడండి
ఘాట్ రోడ్లపై అరిగిన బళ్లు.. పేరు మారని ఆర్‌సీలతో అసలు చిక్కు

తిరుపతి: మామిడి కోతలు మొదలయ్యే ముందు, టమాటాకు ధర పలికే రోజుల్లో చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో పాత పికప్ వాహనాలకు గిరాకీ పెరుగుతుంది. తోతాపురి కాయలను గుజ్జు పరిశ్రమలకు చేరవేయాలన్నా, మదనపల్లె మార్కెట్టుకు టమాటా క్రేట్లు తోలాలన్నా, పల్లెల నుంచి పాల క్యాన్లు తేవాలన్నా ఈ చిన్న బళ్లే ఆధారం. కొత్తది కొనే స్తోమత లేని రైతులు, నిరుద్యోగ యువకులు అప్పు చేసి పాత బొలెరో పికప్‌నో, టాటా ఏస్‌నో తెచ్చుకుంటున్నారు. బేరమాడిన ధర కన్నా ఆ తరువాత పెట్టే ఖర్చే ఎక్కువ కావడం వీరిలో చాలామందికి అనుభవమే.

బండి ఎక్కడ తిరిగిందన్నదే మొదట తెలుసుకోవలసిన సంగతి. మైదాన ప్రాంతంలో లక్ష కిలోమీటర్లు తిరిగిన వాహనం, భాకరాపేట, మొగిలి ఘాట్లలో నిత్యం లోడుతో ఎక్కి దిగిన వాహనం ఒకటి కావు. ఎగువకు వెళ్లేటప్పుడు క్లచ్ ప్లేటు, దిగువకు వచ్చేటప్పుడు బ్రేకు లైనర్లు త్వరగా అరుగుతాయి. డీజిల్ ఆదా అవుతుందని కొందరు డ్రైవర్లు దిగుడులో బండిని న్యూట్రల్‌లో వదిలేస్తారు. ఇంజిను అదుపు తప్పిపోయి భారమంతా బ్రేకులపైనే పడుతుంది, డ్రమ్ములు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఇంజిను ఆపేసి దిగితే మరీ ప్రమాదం. బ్రేకు పెడలుకు సాయపడే వాక్యూమ్ కూడా ఉండదు.

మీటరులో కనిపించే కిలోమీటర్లను నమ్మవలసిన పని లేదు. దానిని తగ్గించడం కష్టమేమీ కాదు. పెడళ్ల రబ్బరు, స్టీరింగు చక్రం, డ్రైవరు సీటు ఎంత అరిగాయో చూస్తే అసలు వయసు తెలిసిపోతుంది.

అధిక లోడు మిగిల్చే గాయాలు

పికప్‌ను ఎక్కువగా దెబ్బతీసేది అధిక బరువు. 2005లో మార్కెట్లోకి వచ్చిన తొలి తరం టాటా ఏస్‌లో ఉన్నది 702 సీసీ, రెండు సిలిండర్ల ఇంజిను. ముప్పావు టన్ను మోయడానికి తయారైన ఆ బండిపై టన్నున్నర వేసి ఘాటు ఎక్కిస్తే రేడియేటరు మరగక మానదు. పెద్ద పికప్‌లదీ అదే కథ. వెనుక కమాను పట్టీలకు అదనంగా మరో రెండు చేర్చి ఉంటే ఆ బండి పరిమితికి మించి మోసిందని గ్రహించవచ్చు. కిందికి వంగి ఛాసిస్‌ను, ముఖ్యంగా కమానులు బిగించిన చోట్లను టార్చిలైటు వేసి పరిశీలించాలి. అక్కడ వెల్డింగు అతుకులు కనిపిస్తే ఎంత చౌకగా ఇస్తామన్నా వదులుకోవడమే మేలు. పాలు, టమాటా రసం కారిన తొట్టి అడుగు రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. కొత్తగా వేసిన రంగు దానిని కప్పిపెడుతుంది.

ఇంజిను చల్లగా ఉన్నప్పుడే, అంటే ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడే కొనేవారు దగ్గరుండాలి. ముందే వేడి చేసి ఉంచారంటే అనుమానించాలి. పొగ ఆగకుండా నీలంగా వస్తే ఇంజిను ఆయిలు మండుతున్నట్లు. నల్లగా వస్తే ఇంజెక్టర్లు, గాలి ఫిల్టరు, టర్బో వంటివి చూపించాలి. ఇంజిను తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీస్తే ఆవిరి గుప్పుమని తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగినట్లే. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్‌-6 డీజిల్ బళ్లలో మరో బెడద ఉంది. వీటి పొగగొట్టంలోని మసి ఫిల్టరు శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు ఎక్కువ దూరం వేగంగా సాగాలి. ఊళ్లోనే ఆగుతూ సాగుతూ తిరిగే బళ్లకు అది మూసుకుపోతుంది. మార్చాలంటే ఖర్చు చిన్నది కాదు.

వడ్డీ లెక్క

4 లక్షల రూపాయల అప్పును మూడేళ్లలో తీర్చేందుకు 12 శాతం వడ్డీ అన్నారనుకుందాం. తగ్గే బాకీపై వడ్డీ అయితే నెల కిస్తీ సుమారు 13,290 రూపాయలు, మొత్తం వడ్డీ 78 వేల చిల్లర. అదే 12 శాతం 'ఫ్లాట్' అంటే కిస్తీ 15,111 రూపాయలు, వడ్డీ 1.44 లక్షలు. ఒకే శాతం, తేడా 65 వేల పైమాటే. సంతకానికి ముందు ఈ ఒక్క ప్రశ్న అడగని వారే ఎక్కువ.

సరుకు రవాణా వాహనాలకు బీమా కూడా భారమే. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టిక ప్రకారం 7,500 కిలోల లోపు మొత్తం బరువుండి బాడుగకు తిరిగే నాలుగు చక్రాల వాహనానికి థర్డ్ పార్టీ ప్రీమియమే 16,049 రూపాయలు, పన్ను అదనం. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. ఇక డీజిల్: చిత్తూరు నుంచి చెన్నైకి పోయి రావడం సుమారు 300 కిలోమీటర్లు. లీటరుకు 12 కిలోమీటర్లు, లీటరు 100 రూపాయలు అనుకుంటే ఒక్క ట్రిప్పుకు 2,500 రూపాయలు. తిరుగు లోడు దొరకకపోతే బాడుగలో మిగిలేది స్వల్పం. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త సరుకు వాహనాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి పాత బండికి అంతకు ముందటి ధర చెప్పేవారితో గట్టిగానే బేరమాడవచ్చు.

ఒక వెసులుబాటు ఉంది. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి మోటారు వాహన చట్టం ప్రకారం పర్మిట్ అక్కరలేదు. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు దాటేవారు ఆర్‌సీలో ఈ అంకె చూసుకోవాలి.

పేరు మారకపోతే

శేషాచలం చుట్టుపక్కల ప్రాంతాల్లో పాత పికప్ కొనుగోలుకు మరెక్కడా లేని చిక్కు ఒకటుంది. ఎర్రచందనం దొంగ రవాణాలో ఇటువంటి వాహనాలు తరచుగా పట్టుబడుతుంటాయి. అలా దొరికిన బండిని అటవీ చట్టం కింద జప్తు చేయవచ్చు. అమ్మిన వ్యక్తి పేరే ఆర్‌సీలో ఉంటే అధికారులు మొదట తట్టేది అతని తలుపునే. కొన్న వ్యక్తి పాత కేసున్న బండిని తెలియక తెచ్చుకుంటే డబ్బూ పోతుంది, బండీ పోతుంది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస వచ్చింది కనుక, మునుపటి ఏపీ 03 మాదిరిగా నంబరును బట్టి జిల్లాను పోల్చడం కుదరదు. పరివాహన్ వెబ్‌సైటులో ఫైనాన్సు బాకీ, చలానాలు, బీమా, ఫిట్‌నెస్ గడువులు తెలుస్తాయి. ఛాసిస్, ఇంజిను నంబర్లను బండిపైనే చూసి ఆర్‌సీతో సరిపోల్చాలి.

ఖాళీ ఫారాలపై సంతకాలు పెట్టించుకుని చేతులు మార్చే పద్ధతి ఇక్కడ మామూలైపోయింది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే యజమానిగా బాధ్యులని నవీన్‌కుమార్ కేసులో తేల్చింది. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో అమ్మకందారు రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారికి 30 రోజుల గడువు. ఫారం 29, ఫారం 30 ఇందుకే. ఫైనాన్సు ఉన్న బండి అయితే బాకీ తీరినట్లు ఫారం 35 తీసుకోవాలి. బీమాను తన పేరుకు మార్చమని కొన్నవారు 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయాలి.

కూలీలను తొట్టిలో ఎక్కించడం మరో ముప్పు. సరుకు యజమానికో, అతని ప్రతినిధికో తప్ప సరుకు బండిలో ప్రయాణించే ఇతరులకు థర్డ్ పార్టీ బీమా వర్తించదు. పెళ్లికో, కోతలకో తీసుకెళ్తుండగా బండి బోల్తా పడితే పరిహారం యజమాని పొలం అమ్మి కట్టవలసి రావచ్చు.