చెల్పూరు టర్బైను, జనగామ కట్టరు

భూపాలపల్లి పక్కన చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది కదా బిడ్డా. అక్కడ రెండు యూనిట్లు, ఒకటి 500 మెగావాట్లు, ఇంకోటి 600. బొగ్గు మండి, నీళ్లు ఆవిరై, ఆ ఆవిరి టర్బైనును నిమిషానికి 3000 చుట్లు తిప్పుతుంది. అంటే సెకనుకు 50. మన కరెంటు 50 హెర్ట్జులని బడిలో చదువుకున్నావే, ఆ 50 ఇదే. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి దేశపు గ్రిడ్డంతటా కరెంటుది ఒకటే లయ.

జనగామలోనో మానుకోటలోనో టేకు దర్వాజలు చేసే షెడ్డుకు పోతే, ఒక మూలన పాత మోల్డింగ్ మిషను కనిపిస్తుంది. ఇనుప బల్ల, దాని నడుమ నిలువుగా లేచిన స్పిండిలు, స్పిండిలుకు బిగించిన కట్టరు. దర్వాజ అంచున నడిచే గాడి, తలుపు చెక్క గుండ్రం అన్నీ దాని పనే. ఆ మిషను మోటరు కూడా చెల్పూరు లయకే తిరుగుతుంది. నాలుగు పోళ్ల, అంటే నాలుగు అయస్కాంత ధ్రువాల, మోటరైతే లోపలి అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. మోటరులో తిరిగే భాగం, రోటరు, దాన్ని తరుముతూ ఎప్పుడూ కాస్త వెనకే ఉంటుంది. సరిగ్గా అందుకున్నదా, దాన్ని తిప్పే బలమే ఉండదు. అందుకే మోటరు ప్లేటు మీద 1440 అనో, దానికి దగ్గరి అంకెనో ఉంటుంది. రెండు పోళ్లదైతే 2880 దగ్గర.

ఇక లెక్క సులువు. మోటరు పుల్లీ 8 అంగుళాలు, స్పిండిలు పుల్లీ 2 అంగుళాలు అనుకో. మోటరు ఒక చుట్టు తిరిగితే స్పిండిలు నాలుగు. 1440ని నాలుగుతో గుణిస్తే 5760. బెల్టు జారితే ఇంకొంచెం తగ్గుతుంది. టేపు, పెన్సిలు ఉంటే చాలు. కానీ నిమిషానికి ఎన్ని చుట్లో తెలిస్తే సగమే తెలిసినట్టు. కట్టరు ఎంత పెద్దదన్నది మిగతా సగం. 100 మిల్లీమీటర్ల కట్టరు 5760 వేగంతో తిరిగితే దాని అంచు సెకనుకు 30 మీటర్లు, అంటే గంటకు 108 కిలోమీటర్లు పోతుంది. అదే స్పిండిలు మీద 200 మిల్లీమీటర్లది పెడితే అంచు వేగం రెట్టింపు. అందుకే పెద్ద కట్టరుకు తక్కువ చుట్లు, చిన్నదానికి ఎక్కువ.

జొన్నచేలో పిట్టలను తోలే వడిసెల తిప్పావా ఎప్పుడన్నా? ఎంత జోరుగా తిప్పితే రాయి చేతిని అంత లాగుతుంది. కట్టరు బ్లేడు కూడా తనను పట్టుకున్న బోల్టును అట్లనే లాగుతుంది. 100 గ్రాముల బ్లేడు, నడుమ నుంచి 5 సెంటీమీటర్ల దూరాన, 5760 వేగంతో తిరిగితే ఆ లాగుడు దాదాపు 185 కిలోల బరువంత. వేగం రెట్టింపైతే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలు.

పాత మిషన్లతో నాకున్న భయమంతా ఇక్కడే. మోటరు కాలిపోతుంది. పెళ్లి ముహూర్తం దగ్గరపడింది, దర్వాజలు అందియ్యాలి. పాత ఇనుప కొట్లో దొరికిన మోటరు తెచ్చి బిగిస్తారు. అది 2880ది అయితే, పుల్లీలు మార్చకపోతే, స్పిండిలు 11,520 వేగం ఎక్కుతుంది. 185 కిలోల లాగుడు 740 దాటుతుంది. చూపుకు ఏ తేడా తెలియదు, కోత ఇంకా నున్నగా వచ్చిందని సంతోషిస్తాం కూడా. ఏదో ఒక రోజు బోల్టు ఓర్చుకోలేదు. మోటరు మారిందంటే, ముందు ప్లేటు చదవాలి. ప్లేటు లేని మోటరును టాకోమీటరుతో కొలవనిదే మోల్డింగ్ మిషనుకు పెట్టొద్దు.

వేగం సంగతి చెప్పే దీపం ఒకటి షెడ్డులోనే ఉంటుంది. పాత చోకు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలిగి మసకబారుతుంది. స్పిండిలు సరిగ్గా 6000 తిరిగితే, అంటే సెకనుకు 100 చుట్లు, ఆ వెలుగులో కట్టరు ఆగినట్టే కనిపిస్తుంది. 5760 వేగంలో సెకనుకు 96 చుట్లే కాబట్టి, స్పిండిలు తలకు ముందే సుద్దముక్కతో గీత గీసి చూస్తే, సెకనుకు నాలుగుసార్లు వెనక్కి తిరుగుతున్నట్టుంటుంది. మోటరు 1500కు 60 చుట్లు వెనకబడింది కదా, ఆ 60 పుల్లీల దగ్గర నాలుగింతలై 240 అయి నీ కంటికి కనబడింది! ఎంత అందమైన లెక్కో చూడు. అంత ప్రమాదం కూడా. ఆగిందనుకుని చెయ్యి పెడితే వేళ్లుండవు. అందుకే మిషను మీద మిణుకు లేని దీపం ఉండాలి, పక్కపక్క ట్యూబులను వేరువేరు ఫేజుల మీద వేయాలి.

కరెంటు తీసి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాకనే కట్టరును ముట్టు. నడుమ రంధ్రం స్పిండిలుకు అతికినట్టు కూర్చోవాలి, రేకుముక్క చుట్టి బిగించొద్దు. ఎదురెదురు బ్లేడ్లు ఒకే తూకం ఉండాలి. రెండు కాలర్ల నడుమ వట్టి రాపిడితోనే బ్లేడును నిలిపే పాత రకాన్ని నేనైతే తీసి పక్కన పెట్టిస్తాను. కొత్త కట్టర్ల మీద గరిష్ఠ వేగం చెక్కి ఉంటుంది, దాన్ని దాటొద్దు. స్పిండిలును చేత్తో అటూ ఇటూ ఊపు. కదిలితే బేరింగు పోయినట్టే. ఇంకో మాట. రీవైండింగు నుంచి వచ్చిన మోటరుకు రెండు ఫేజు తీగలు తారుమారైతే స్పిండిలు ఉల్టా తిరుగుతుంది. బిగుసుకోవాల్సిన నట్టు వదులవుతుంది. కట్టరు కట్టకముందే ఒట్టి స్పిండిలును తిప్పి దిక్కు చూసుకోవాలి.

1948 ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్ సానరాయి ఉన్న గదిలో దాని గరిష్ఠ అంచు వేగం, స్పిండిలు వేగం, పుల్లీ కొలత రాసి పెట్టాలనేది. చిన్న షెడ్లు ఆ చట్టం కిందికి వచ్చి ఉండకపోవచ్చు. అయినా అదే పద్ధతి మోల్డింగ్ మిషనుకూ పాటించండి. ఈ దసరాకు మిషనుకు పసుపు కుంకుమ పెట్టినప్పుడు పక్క గోడ మీద పెద్ద అంకెలతో రాయండి: మోటరు వేగం, స్పిండిలు వేగం, దానికి పెట్టదగ్గ కట్టరు కొలత. మోటరు మారిన రోజున ఆ అంకెలు చెరిపి, మళ్లీ కొలిచి రాయండి.