నత్తలు, కప్ప కాళ్లు, మొసలి పకోడీ.. క్రూయిజ్ డైనింగ్ హాల్లో ఇవి తినొచ్చా? ఆర్డర్ చేసే ముందు తెలుసుకోవాల్సింది ఇదే!

పిల్లలు అమెరికాలో ఉన్న అమ్మానాన్నలకు ఇప్పుడో కొత్త ట్రిప్ తయారైంది. హుస్నాబాద్ నుంచో, కరీంనగర్ నుంచో విజిటర్ వీసా మీద డల్లాస్ వెళ్లినోళ్లను పిల్లలు కారెక్కించి గాల్వెస్టన్ తీసుకెళ్తున్నారు. హూస్టన్ దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఓడరేవు అది. అక్కడి నుంచి మెక్సికో వైపు నాలుగైదు రోజులు, వారం రోజుల క్రూయిజ్‌లు బయల్దేరతాయి. ఓడ బాగుంటుంది, సముద్రం బాగుంటుంది. తిప్పలల్లా రాత్రి డైనింగ్ హాల్లోనే. తెల్ల గుడ్డ పరిచిన టేబుల్, చేతిలో మెనూ కార్డు. అందులో తెలిసిన పేరు ఒక్కటీ కనిపించదు.

"గిదేంది బిడ్డా?" అని అమ్మ అడుగుతుంది. "నత్తలమ్మా" అంటాడు కొడుకు. అంతే, ఆ పూట బ్రెడ్డు, ఆలుగడ్డ ఫ్రైస్‌తో గడిచిపోతుంది. పోనీ ఇంటి నుంచి తొక్కు, సద్ది తీసుకెళ్దామంటే, ఇంట్లో వండిన తిండిని చాలా కంపెనీలు ఓడలోకి రానివ్వవు.

అయితే ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఓడలోని మెయిన్ డైనింగ్ రూమ్‌లో మీరు తినే భోజనానికి డబ్బులు టికెట్‌తోనే కట్టేశారు. నత్తలు తెప్పించుకున్నా, సలాడ్ తెప్పించుకున్నా బిల్లు రాదు. నచ్చకపోతే ప్లేటు పక్కకు జరిపి "ఇంకోటి తెండి" అనొచ్చు. వెయిటర్ ముఖం మాడ్చుకోడు, ఎందుకని కూడా అడగడు. బయట రెస్టారెంట్‌లో పాతిక డాలర్లు పెట్టి నత్తలు కొని, తినలేక పారేస్తే మనసు ఒప్పదు. ఓడలో ఆ భయం లేదు. కొత్త వంటకం రుచి చూడటానికి క్రూయిజ్ డైనింగ్ రూమ్ కంటే ఖర్చు తక్కువ చోటు దొరకడం కష్టం.

ఓడలు ఇవెందుకు వండుతాయి?

వారం రోజుల పాటు అదే జనం, అదే హాల్లో, రోజూ రాత్రి తింటారు. రోజూ చికెన్, చేప, కేకు పెడితే మూడో రోజుకే మొహం మొత్తుతుంది. అందుకే ఏ రాత్రి ఏం వండాలో ముందే రాసిపెట్టుకున్న మెనూ తిరుగుతూ ఉంటుంది. అందులో రోజుకు ఒకటో రెండో వింత వంటకాలు కలుపుతారు. కార్నివాల్ కంపెనీ అయితే ఒక దశలో మెనూలో 'రేర్ ఫైండ్స్' అని ప్రత్యేకంగా ఒక భాగమే పెట్టింది. ఎప్పటినుంచో తినాలనుండి ధైర్యం చాలని వాళ్ల కోసం అన్నమాట. మొసలి మాంసం పకోడీ, కప్ప కాళ్లు, కుందేలు, ఎద్దు నాలుక లాంటివి అందులో కనిపించేవి. ఇవన్నీ ఎక్కువగా స్టార్టర్లుగానే వస్తాయి. అంటే నాలుగైదు ముక్కలు. మీరు ఒక వింత స్టార్టర్‌తో పాటు తెలిసిన స్టార్టర్ కూడా అడగొచ్చు. రెండూ తెస్తారు. స్టార్టర్లకు లెక్క లేదు కానీ, మూడో మెయిన్ కోర్సు నుంచి కొంత చార్జీ వేసే కంపెనీలు వచ్చాయి. అది మాత్రం ముందే అడిగి తెలుసుకోండి.

నత్తలు అంత వింతా?

మెనూలో 'ఎస్కార్గో' అని కనిపిస్తే అవే నత్తలు. ఆరు గుంటలున్న చిన్న పింగాణీ ప్లేటులో వస్తాయి. ఒక్కో గుంటలో ఒక్కో నత్త, పైన వెల్లుల్లి, పార్స్లీ ఆకు, కరిగిన వెన్న. చాలాసార్లు చిప్ప తీసేసే ఇస్తారు. చిప్పతో వస్తే పట్టుకోవడానికి ఒక పట్టకారు, లాగడానికి రెండు ముళ్ల చిన్న ఫోర్కు ఇస్తారు. నమిలితే మెత్తటి పుట్టగొడుగులా ఉంటుంది. నిజం చెప్పాలంటే నత్త రుచి కంటే వెల్లుల్లి వెన్న రుచే ఎక్కువ తెలుస్తుంది. బ్రెడ్డు ముక్క తీసుకుని గుంటలో మిగిలిన వెన్నను అద్దుకుని తింటారు. అసలు మజా అక్కడే ఉంది.

నత్త పేరు వినగానే ముక్కు మూసుకునేవాళ్లు ఒకటి గుర్తుచేసుకోవాలి. గోదావరి జిల్లాల్లో నత్తల కూర మామూలు కూరే. ఫ్రెంచోళ్లు తినేది నేల మీద పాకే నత్త, మనోళ్లు తినేది నీటి నత్త. తేడా అంతే.

ఒక జాగ్రత్త. రొయ్యలు, పీతలు పడనివాళ్లు, ఇంట్లో దుమ్ముకు ఎలర్జీ ఉన్నవాళ్లు నత్తల జోలికి పోకపోవడం మంచిది. దుమ్ములోని పురుగుల్లో ఉండే ప్రొటీన్లకు, నత్తల్లోని ప్రొటీన్లకు పోలిక ఉండటంతో కొందరికి ఊపిరాడని పరిస్థితి వస్తుంది. నడి సముద్రంలో ఓడ డాక్టర్ ఒక్కరే దిక్కు. ఆ బిల్లు కూడా టికెట్‌లో ఉండదు.

కప్ప కాళ్ల వెనుక మన పొలాల కథ

కప్ప కాళ్లు చూడటానికి కోడి రెక్కల్లా, తినడానికి చికెన్‌కూ చేపకూ మధ్యలో ఉంటాయి. వెన్నలో, ఫ్రాన్స్ పద్ధతి మసాలా ఆకులతో వేయిస్తారు. రుచి సంగతి పక్కన పెడితే, ఈ వంటకానికీ మన దేశానికీ పెద్ద లింకు ఉంది. ఒకప్పుడు యూరప్, అమెరికా ప్లేట్లలోకి కప్ప కాళ్లు పంపిన దేశాల్లో ఇండియా ముందుండేది. వానాకాలం రాత్రుళ్లు లైట్లు పట్టుకుని వరి మళ్లలో పెద్ద కప్పల్ని పట్టేవారు. కాళ్లు మాత్రమే కోసి, ఐసులో పెట్టి ఓడలెక్కించేవారు.

కప్పలు తగ్గితే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. పొలంలో పురుగుల్ని, దోమల్ని తినేది అవే. పర్యావరణవేత్తలు, జంతు ప్రేమికులు గట్టిగా అడ్డం తిరగడంతో కేంద్రం 1987లో కప్ప కాళ్ల ఎగుమతిని నిషేధించింది. ఆ తర్వాత ఆ వ్యాపారం ఇండోనేషియాకు మళ్లింది. ఇప్పుడు ప్రపంచానికి ఎక్కువగా కప్ప కాళ్లు పంపేది ఆ దేశమే. అక్కడా చాలావరకు పొలాల్లో, చెరువుల్లో పట్టినవే కాబట్టి అదే పంచాయితీ మళ్లీ మొదలైంది. ఇది తెలిశాక కప్ప కాళ్లు వద్దనుకుంటే అది పిరికితనం కాదు. మన వరి మళ్లు చూసినోళ్లకు అర్థమయ్యే మాటే.

మొసలి మాంసం కథ దీనికి రివర్స్. అమెరికా మొసలి అలిగేటర్‌ను ఒకప్పుడు తోలు కోసం తెగ వేటాడారు. 1967లో అంతరించిపోయే జీవుల జాబితాలో చేర్చి కాపాడారు. సంఖ్య బాగా పెరగడంతో 1987లో జాబితా నుంచి తీసేశారు. ఇప్పుడు లూసియానా, ఫ్లోరిడాల్లో ఫారాల్లో పెంచుతున్నారు. తోక మాంసాన్ని చిన్న ముక్కలు చేసి, పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. కళ్లు మూసుకుని తింటే కాస్త సాగే చికెన్ పకోడీ అనుకుంటారు.

ఇక చల్లటి పండ్ల సూప్. స్ట్రాబెర్రీతోనో, పీచ్ పండుతోనో చేస్తారు. సూప్ అంటే వేడిగా ఉండాలని మన లెక్క కాబట్టి మొదటి చెంచాకు అదిరిపడతాం. రెండో చెంచాకు ఇది లస్సీయే కదా అనిపిస్తుంది. ఎండాకాలం పొద్దున చల్లటి జొన్న అంబలి తాగి పెరిగినోళ్లకు ఇదో లెక్క కాదు. వింత వంటకాలు మొదలుపెట్టాలంటే దీనితోనే పెట్టండి, మాంసం గొడవే లేదు.

అసలు ప్రమాదం వింత పేర్లలో కాదు, తెలిసినట్టుండే పేర్లలో!

ఇది కాస్త నిదానంగా చదవండి. నత్త, కప్ప అని రాసి ఉంటే మనకు తెలుస్తుంది, తింటామో మానేస్తామో మన ఇష్టం. కానీ గొడ్డుమాంసం, పందిమాంసం తినని ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లను దెబ్బకొట్టేవి వేరే పేర్లు. 'వీల్' అంటే లేగదూడ మాంసం. 'ప్రైమ్ రిబ్', 'ఫిలే మిన్యాన్', 'బ్రిస్కెట్', 'ఆక్స్‌టెయిల్'.. అన్నీ బీఫే. 'స్వీట్‌బ్రెడ్' అని చూసి తియ్య బ్రెడ్డు అనుకునేరు, అది దూడదో గొర్రెదో గ్రంథి మాంసం. 'ప్రొషూటో', 'పాన్‌చెట్టా', 'హామ్', 'బేకన్' పంది. 'కార్పాచియో', 'టార్టార్' అంటే సాధారణంగా పచ్చి మాంసం లేదా పచ్చి చేప.

పూర్తి శాకాహారులకు ఇంకో చిక్కు. ఫ్రెంచ్ ఆనియన్ సూప్ ఉల్లిగడ్డ సూపే, కానీ దాన్ని ఎక్కువగా బీఫ్ ఎముకల రసంతో కాస్తారు. సీజర్ సలాడ్ ఆకులే, కానీ పైన పోసే చిక్కటి రసంలో ఆంచోవీ అనే చిన్న చేపలుంటాయి. మూస్ లాంటి కొన్ని డెజర్ట్‌లలో జంతువుల నుంచి తీసే జెలటిన్ కలుస్తుంది. గుడ్డును వాళ్లు వెజిటేరియన్‌లోనే లెక్కేస్తారు. హలాల్ పాటించేవాళ్లు, మందు ముట్టనివాళ్లు సాస్‌లలో వైన్ ఉందా, టిరామిసు లాంటి స్వీట్లలో రమ్ము ఉందా అని కూడా అడగాలి.

ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు. "నో బీఫ్, నో పోర్క్, నో ఎగ్" అని మొదటి రాత్రే చెప్పేయండి. వారమంతా ఒకే టైమ్‌కు, ఒకే టేబుల్‌కు వెళ్లే పద్ధతి తీసుకుంటే సాధారణంగా వెయిటర్ కూడా అతనే ఉంటాడు. రెండో రాత్రి నుంచి అతనే గుర్తుపెట్టుకుని చెబుతాడు. పైగా ఈ ఓడల్లో పనిచేసేవాళ్లలో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వాళ్లతో పాటు మన ఇండియా వాళ్లు బాగా కనిపిస్తారు. హిందీలో పలకరిస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. పెద్ద కంపెనీల మెనూల్లో ఇండియన్ వెజిటేరియన్ భోజనం కూడా ఉంటుంది. పప్పు, కూర కావాలని హెడ్ వెయిటర్‌కు ముందురోజు రాత్రే చెబితే చాలాచోట్ల వండి పెడతారు. అప్పటికప్పుడు అడిగితే మాత్రం కుదరదు. వేల మందికి వండే వంటగది అది.

పచ్చి ఆయిస్టర్ల లాంటివి పెద్ద వయసువాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు మానేయడమే మేలు. అమెరికా రేవులకు వచ్చే పెద్ద ఓడల వంటగదుల్ని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పాపెట్టకుండా తనిఖీ చేసి 100కు మార్కులు వేస్తుంది. 85 వచ్చినా ఫెయిలే. ఏ ఓడకు ఎన్ని వచ్చాయో వెబ్‌సైట్లో పెడుతుంది. టికెట్ కొనేముందు పిల్లల్ని ఒకసారి చూడమనండి. అలాగే ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. చేత్తో తినే మనకు ఈ అలవాటు ఎలాగూ ఉంది.

ఇంకో చిన్న మాట. ఓడ ఊగుతున్న రాత్రి వెన్నలో ఈదే నత్తల్ని ప్రయత్నించకండి. కడుపులో తిప్పితే తప్పు నత్తదో, సముద్రానిదో తేల్చుకోవడం కష్టం.

అమెరికా దాకా పోవాలా?

అక్కర్లేదు. కార్డీలియా కంపెనీ ఓడ 'ఎంప్రెస్' 2022 జూన్‌లో విశాఖపట్నం వచ్చి, అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ప్రయాణికుల్ని తీసుకెళ్లింది. విశాఖలో దాదాపు 96 కోట్లతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబర్‌లో ప్రారంభమైంది. ఓడలు ఏడాది పొడవునా ఉండవు, సీజన్‌ను బట్టి ప్రకటిస్తారు. ఈ ఓడలో తిండి ఎక్కువగా మన దేశం వాళ్ల నోటికి తగ్గట్టే ఉంటుంది, జైన భోజనం కూడా దొరుకుతుంది. కాబట్టి మొసలి పకోడీ ఆశలు పెట్టుకోవద్దు. డైనింగ్ హాల్ పద్ధతి, కోర్సుల లెక్క, ఏది టికెట్‌లో ఉంది, దేనికి డబ్బులు వేరే అన్నది అలవాటు చేసుకోవడానికి మాత్రం మంచి రిహార్సల్.

ఇక "ఛీ, పురుగు పుట్రా తింటారా" అనేవాళ్లకు.. తొలకరి వాన పడిన రాత్రి పుట్టల దగ్గర దీపం పెట్టి ఉసిళ్లు పట్టిన రోజులు మన ఊళ్లల్లో పెద్దోళ్లను అడిగితే చెబుతారు. రెక్కలు రాల్చి, పెంకులో దోరగా వేయించి, పేలాలతో కలుపుకుని తినేవాళ్లు. అదే ప్లేటు తీసుకెళ్లి ఓడలో పక్క టేబుల్ తెల్లాయన ముందు పెడితే, ఈసారి "గిదేంది?" అని అడిగేది ఆయన.