మీకు తెలుసా? చావని చేపలోనూ విషం జాడ!

విశాఖకు తాగునీరిచ్చే మేఘాద్రిగెడ్డ చివరికి ఓడరేవు నీళ్లలో కలుస్తుంది. ఇలాంటి గెడ్డల్లోకి వాననీటితో పురుగుమందు చేరితే ముందుగా దెబ్బతినేవి చేప మొప్పలు. తర్వాత కాలేయ కణాలు దెబ్బతిని, వాటిలోని ఎంజైములు రక్తంలోకి కారతాయి.

అసలు ప్రమాదం మెదడులో. క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఎసిటైల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. నరాల సంకేతాలను ఆపేది ఆ ఎంజైమే. అది లేకపోతే సంకేతం ఆగదు. కండరాలు అదురుతాయి, చేప అదుపు తప్పి ఈదుతుంది. చేపలు చచ్చి తేలకముందే ఈ ఎంజైమును కొలిచి శాస్త్రవేత్తలు విషాన్ని పసిగడతారు. ఎంతో విలువైన ముందస్తు హెచ్చరిక ఇది.

చేపలకు మరీ ప్రాణాంతకమైన పురుగుమందు ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిషేధించింది. మిగతా మందుల విషయం మన చేతుల్లో ఉంది: మందు కొట్టిన పంపును గెడ్డలో, చెరువులో కడగకండి.