పది మార్కులు దాటిన తర్వాత

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగుల మోతకు మనసు చెదిరిపోయే సైనికులను ముందే గుర్తించాలనుకుంది అమెరికా సైన్యం. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడాలంటే వైద్యులు చాలరు. అందుకని కొలంబియా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్‌వర్త్ అవును, కాదు అని జవాబిచ్చే 116 ప్రశ్నలు రాశాడు. అవి వాడకంలోకి వచ్చేలోపే యుద్ధం ముగిసింది. ఆ పద్ధతి మాత్రం కాలేజీల్లోకి నడిచింది. 1930 నాటికి షికాగో విశ్వవిద్యాలయంలో థర్‌స్టన్ దంపతులు కొత్తగా చేరిన విద్యార్థుల చేతికి 223 ప్రశ్నల పత్రం ఇచ్చారు. అక్కడా కారణం ఒకటే: విద్యార్థులు వందల్లో, వినేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఉన్నది ఉన్నట్టు రాస్తారా అన్న అనుమానం అప్పుడే వచ్చింది. 1943లో మిన్నెసోటాలో హాథవే, మెకిన్లీ ప్రచురించిన ప్రశ్నావళిలో దానికో ఉపాయం ఉంది. అప్పుడప్పుడు కోపం రావడం లాంటి, ఎవరికైనా ఉండే చిన్నచిన్న బలహీనతల గురించిన ప్రశ్నలు మధ్యమధ్యలో కలిపారు. అవేవీ తమకు లేవన్నవారు తమను తాము మంచిగా చూపించుకుంటున్నారని అర్థం. అయితే ఆ ప్రశ్నావళికి 'మామూలు మనిషి' కొలతలు ఎక్కువగా ఆస్పత్రికి వచ్చిన రోగుల బంధువులు, సందర్శకుల నుంచి తీసుకున్నవి. వాటితో పోలిస్తే ఉరకలు వేసే కాలేజీ వయసు పిల్లలకు కొన్ని అంశాల్లో మార్కులు ఎక్కువే వచ్చేవి. అది జబ్బు కాదు, వయసు.

ఇప్పుడు ఎక్కువగా వాడేది అలాంటి వ్యక్తిత్వ ప్రశ్నావళి కాదు, కుంగుబాటు లక్షణాలు అడిగే పీహెచ్‌క్యూ-9. తొమ్మిదే ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారో చెప్పాలి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది వస్తే ఆరా తీయాలి. సెమిస్టర్ పరీక్షల ముందు హాస్టల్ కుర్రాడిని ఊహించండి. నిద్ర సరిగా లేదు, రెండు. ఒంట్లో ఓపిక లేదు, రెండు. మెస్ అన్నం సయించడం లేదు, రెండు. పుస్తకం మీద మనసు నిలవడం లేదు, రెండు. దేనిమీదా ఆసక్తి లేదు, ఇంకో రెండు. పది అయిపోయింది! పరీక్షలు అయ్యాక ఇంటికెళ్లి వారం రోజులు పడుకుంటే ఇందులో చాలావరకు సర్దుకోవచ్చు. సర్దుకోకపోనూవచ్చు. ఆ తేడా కాగితం చెప్పలేదు, ఎదురుగా కూర్చుని మాట్లాడినవారికే తెలుస్తుంది.

లెక్క చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 2001లో ప్రచురితమైన అధ్యయనంలో ఈ పది మార్కుల గీత తీవ్రమైన కుంగుబాటు ఉన్న వందమందిలో 88 మందిని పట్టుకుంది. లేని వందమందిలో 88 మందిని సరిగ్గానే వదిలేసింది. మంచి పరికరమే. ఇప్పుడు వెయ్యిమంది ఉన్న కాలేజీలో 50 మందికి నిజంగా కుంగుబాటు ఉందనుకుందాం. వారిలో 44 మంది దొరుకుతారు, ఆరుగురు తప్పిపోతారు. మిగిలిన 950 మందిలో 114 మంది జబ్బు లేకుండానే గీత దాటుతారు. అంటే పట్టుబడిన 158 మందిలో ప్రతి పదిమందికి దాదాపు ఏడుగురు పొరపాటున వచ్చినవారే. సమస్య అరుదైనకొద్దీ ఈ పొరపాట్లు పెరుగుతాయని మిన్నెసోటాకే చెందిన పాల్ మీల్ 1955లో ఆల్బర్ట్ రోజన్‌తో కలిసి రాసిన వ్యాసంలో హెచ్చరించాడు. పరీక్ష పెట్టే ప్రతి యాజమాన్యం ముందు ఈ లెక్క వేసుకోవాలి. ఆ 158 మందితో విడివిడిగా మాట్లాడే మనిషి లేకపోతే కాగితాలు పంచనే కూడదు.

చివరి ప్రశ్న సంగతి వేరు. చనిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అని అడుగుతుంది. అక్కడ సున్నా కాని జవాబు ఏది వచ్చినా, మొత్తం ఎంతన్నది చూడకుండా ఆ రోజే ఆ విద్యార్థితో మాట్లాడాలి. ఆ పత్రాలు కట్టగట్టి బీరువాలో పెడితే, అడిగి కూడా వినని పాపం మూటగట్టుకున్నట్టే.

జవాబులు ప్రిన్సిపాల్ టేబుల్ మీదికో, అమ్మానాన్నలకు వెళ్లే మెసేజీలోకో చేరతాయన్న భయం ఉంటే ఏ విద్యార్థీ నిజం రాయడు. పత్రం ఎవరు చదువుతారో, ప్రాణాపాయం ఉంటే ఎవరికి చెబుతారో ముందే చెప్పాలి.

ఇక ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి సంగతి. విశాఖపట్నంలో ఒక కోచింగ్ విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలని ఆదేశించింది. మీ పిల్లల కాలేజీలో ఆ మనిషి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో ఈ వారమే అడగండి. విద్యార్థులకు ఒక మాట: మీకు ఎన్ని మార్కులొచ్చినా, అసలు ఏ పత్రమూ నింపకపోయినా, మనసు తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.