గేర్‌బాక్స్‌లో నాలుగా, ఐదా?

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద, మెట్ల పక్కన, కరెంటు స్తంభాల మీద వేలాడే కంప్యూటర్ కోర్సుల బోర్డులన్నీ ఒకే లెక్క నేర్పుతాయి: అంకె పెరిగిందంటే సరుకు కొత్తది. జావా అయినా పైథాన్ అయినా కొత్త వెర్షన్ వచ్చాక పాతది చెప్పే ఇన్‌స్టిట్యూట్ వైపు ఎవరూ చూడరు. అమీర్‌పేటలో నాలుగేళ్లు ఉన్నవాళ్లకు ఈ లెక్క ఒంటబట్టిపోతుంది. అదే లెక్కతో కారుకు గేర్ ఆయిల్ కొంటే మాత్రం చేతులు కాలతాయి. షాపు అరలో ఒక డబ్బా మీద జీఎల్-4 అని, పక్క డబ్బా మీద జీఎల్-5 అని ఉంటుంది. ఐదు నాలుగు తర్వాత వచ్చేదే కాబట్టి అదే మెరుగని చెయ్యి అటే పోతుంది. నిజానికి జీఎల్-5 అన్నది జీఎల్-4కు కొత్త వెర్షన్ కాదు. ఆ రెండూ వేర్వేరు పనుల కోసం పుట్టిన ఆయిల్స్.

ఈ తేడా అందరికంటే ఎక్కువ తెలియాల్సింది అమీర్‌పేట రోడ్డు మీద తిరిగేవాళ్లకే. అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద నుంచి పంజాగుట్ట చౌరస్తాకు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. సాయంత్రం ఆరింటికి ఆ కాస్త దూరంలో కారు మూడో గేరు మొహం చూస్తే గొప్పే. ఒకటి, రెండు, న్యూట్రల్, మళ్లీ ఒకటి. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక పైన రైళ్లు సాఫీగా పోతున్నాయి గానీ, కింద గేరు రాడ్డుకు విశ్రాంతి దొరకలేదు. నిమ్స్ ఆసుపత్రి వైపు వెళ్లే అంబులెన్సుకు దారివ్వడానికి పక్కకు తప్పుకున్నప్పుడు, ఫ్లైఓవర్ మొదట్లో బస్సు వెనక ఆగి కదిలినప్పుడు, ప్రతిసారీ గేర్‌బాక్స్ లోపల ఒక చిన్న ఇత్తడి ఉంగరం అరుగుతూ పని చేస్తుంది. కథంతా ఆ ఉంగరానిదే.

మెకానిక్కులు దాన్ని సింక్రో రింగు అంటారు, బ్రాస్ రింగు అని కూడా అంటారు. అరచేతిలో పట్టే గాజంత ఉంటుంది. చుట్టూ బయట చిన్న చిన్న పళ్లు, లోపలి వైపు దారపు పోగులంత సన్నటి గాట్లు. క్లచ్ తొక్కి రెండో గేరు వేసినప్పుడు కలవాల్సిన రెండు భాగాలు వేర్వేరు వేగాల్లో తిరుగుతుంటాయి. రింగు ముందుగా వెళ్లి గేరు పక్కనున్న శంకువు ఆకారపు ఉక్కు భాగాన్ని గట్టిగా పట్టుకుంటుంది. రాపిడి వల్ల రెండూ ఒక వేగానికి వస్తాయి, ఆ తర్వాతే పళ్లు కలుస్తాయి. ఇదంతా క్షణంలో సగం కూడా పట్టదు. అమెరికాలో కాడిలాక్ కంపెనీ 1928లో దీన్ని కార్లలోకి తెచ్చింది. అంతకుముందు ఆ వేగాలు కలిపే పని డ్రైవరు కాలిదే: ఒకసారి క్లచ్ తొక్కి న్యూట్రల్, వదిలి ఇంజిన్ వేగం సరిచూసుకుని, మళ్లీ తొక్కి గేరు. నిజాం రాష్ట్రంలో 1932లో 27 బస్సులతో ప్రభుత్వ రవాణా మొదలైన రోజుల్లో పెద్ద బళ్లు నడపడమంటే ఆ డబుల్ క్లచ్ విద్య వచ్చి ఉండటమే.

ఇక్కడే ఆయిల్‌కు ఒక చిక్కు ఎదురవుతుంది. గేర్ల పళ్లకు, బేరింగులకు జారుడు కావాలి. రింగుకు రాపిడి కావాలి. ఈ రెండు విరుద్ధమైన పనులూ ఒకే ఆయిల్ చెయ్యాలి. రింగు లోపలి సన్నటి గాట్లు ఉన్నది ఆయిల్ పొరను కోసి పక్కకు నెట్టడానికే. పొర తెగితేనే ఇత్తడి ఉక్కును పట్టుకుంటుంది. ఆయిల్ మరీ జారుడుదైతే పట్టు దొరకదు, వేగాలు కలవకముందే పళ్లు కలవబోతాయి, కర్రుమని చప్పుడొస్తుంది. 'గేరు కొరుకుతోంది' అని మెకానిక్ అనే మాట అక్షరాలా నిజం.

జీఎల్-4, జీఎల్-5 అన్న తరగతులను నిర్ణయించింది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్. తీవ్రమైన ఒత్తిడిలో ఆయిల్ పొర నలిగి తెగిపోయినా లోహం లోహాన్ని తినకుండా కాపాడటానికి గేర్ ఆయిల్‌లో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలుపుతారు. వేడికి, ఒత్తిడికి అవి ఉక్కుతో కలిసి పలచటి రక్షణ పొరగా మారతాయి. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు ఆ గంధకానిదే. జీఎల్-5లో ఈ మందు జీఎల్-4తో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉంటుంది. ఉక్కుకు అది మేలే. రాగి కలిసిన ఇత్తడికి, కంచుకు అదే గంధకం వేడిలో శత్రువు అవుతుంది. కోడిగుడ్డు తగిలిన వెండి చెంచా నల్లబడటం ఇంట్లో అందరూ చూసేదే. అక్కడా పని చేసేది గంధకమే. ఆయిల్ తయారుచేసేవాళ్లు దీన్ని పరీక్షించే పద్ధతి కూడా అంత తేలికైనదే. తళతళలాడేలా రుద్దిన రాగి పట్టీని వేడి ఆయిల్‌లో కొన్ని గంటలు ముంచి, బయటికి తీసి, రంగు ఎంత మారిందో నమూనా పట్టీలతో పోల్చి చూస్తారు.

మరి జీఎల్-5 ఎవరికి? ఇన్నోవా, బొలెరో లాంటి, ఇంజిన్ వెనక చక్రాలను తిప్పే బళ్లకు కింద వెనకవైపు గుండ్రంగా కనిపించే డిఫరెన్షియల్‌కు. లారీ మెకానిక్కులు దాన్నే క్రౌన్ అంటారు. అక్కడి గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు పక్కకు జారుతూ రాసుకుంటాయి, ఒత్తిడి విపరీతం. అక్కడ జీఎల్-5 లేకపోతే పళ్లు అరిగిపోతాయి. స్విఫ్ట్, ఐ20 లాంటి, ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే కార్లలో డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌లోనే ఇమిడి ఉంటుంది గానీ, దాని పళ్లు ఆ రకంవి కావు, అంత మందు అడగవు. జపాన్ సుబారు కార్ల సంగతి వేరు: ఇంజిన్ కారు పొడవు దిశలో ఉండటం వల్ల, జారుతూ రాసుకునే ఆ క్రౌన్ పళ్లు గేర్‌బాక్స్ డొప్పలోనే ఉంటాయి. అందుకే ఆ కంపెనీ మాన్యువల్ గేర్‌బాక్స్‌కే జీఎల్-5 పొయ్యమంటుంది, రింగులను కూడా దానికి తగ్గట్టే చేసుకుంది. అమెరికాలో స్థిరపడి పాత ఫోర్డ్ మస్టాంగ్ కొనుక్కున్న తెలుగు కుర్రాడికి ఇంకో వింత ఎదురవుతుంది. అందులోని టీ-5 మాన్యువల్ గేర్‌బాక్స్ ఆటోమేటిక్ కార్ల ఎర్ర ద్రవం, అంటే ఏటీఎఫ్, తాగుతుంది. కాబట్టి 'నాలుగే మంచిది' అని తిప్పి చెప్పినా తప్పే. గేర్‌బాక్స్‌ను తయారుచేసినవాళ్లు ఏం రాశారన్నదే ప్రశ్న. ఆ రాత గ్లవ్ బాక్స్‌లో, ఆర్సీ కాగితాల కింద నలిగిపోయిన పుస్తకంలో ఉంటుంది.

హ్యుందాయ్ ఐ10 పుస్తకం తెరిస్తే జీఎల్-4, 75డబ్ల్యూ-85, 1.9 లీటర్లు అని కనిపిస్తుంది. హోండా తన సొంత ఎమ్‌టీఎఫ్, అంటే మాన్యువల్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, వాడమంటుంది. దొరక్కపోతే తాత్కాలికంగా 10డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ పొయ్యొచ్చని, అలాగే వదిలేస్తే గేరు బిగుసుకుంటుందని, గేర్‌బాక్స్ పాడవుతుందని కూడా హోండా పాత పుస్తకాల్లో రాసి ఉంది. అలాంటి కారుకు అలవాటు కొద్దీ చిక్కటి 90 గ్రేడు గేర్ ఆయిల్ పోసేస్తే ఆ మర్నాటి నుంచే చేతికి తేడా తెలుస్తుంది.

అంకెల గొడవ ఇంకొకటుంది. ఇంజిన్‌లో 5డబ్ల్యూ-30 పోసేవారికి గేర్ ఆయిల్ మీద 75డబ్ల్యూ-90 చూస్తే అది మూడు రెట్లు చిక్కగా ఉంటుందనిపిస్తుంది. ఈ రెండు కొలబద్దలూ వేరు, పొరపాటున ఒకటి ఇంకొకటిగా వాడకూడదనే గేర్ ఆయిల్‌కు పెద్ద అంకెలు పెట్టారు. 90 గ్రేడు గేర్ ఆయిల్ వేడెక్కాక ఇంచుమించు 40, 50 గ్రేడు ఇంజిన్ ఆయిల్ అంత చిక్కగానే ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిది: 75డబ్ల్యూ అంటే మైనస్ 40 డిగ్రీల్లో, 80డబ్ల్యూ అంటే మైనస్ 26లో, 85డబ్ల్యూ అంటే మైనస్ 12లో ఒక హద్దుకు మించి గట్టిపడకూడదు. బేగంపేట వాతావరణ కేంద్రం లెక్కల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరిలో 6.1 డిగ్రీలు, అతి ఎక్కువ 1966 జూన్‌లో 45.5. అంటే హైదరాబాద్‌లో మైనస్ డిగ్రీల గురించి బెంగ అక్కర్లేదు. అలాగని మొదటి అంకెను పట్టించుకోకుండా వదిలెయ్యలేం. డిసెంబరు పొద్దున్నే శ్రీనగర్ కాలనీ నుంచి బయల్దేరిన కారు రెండో గేరు పడటానికి మొరాయిస్తే, ఆయిల్ చల్లగా, చిక్కగా ఉండి రింగు గాట్లు దాన్ని త్వరగా కొయ్యలేకపోతున్నాయని అర్థం. పలచటి 75డబ్ల్యూలో ఆ ఇబ్బంది తక్కువ. పది నిమిషాలు నడిచాక తగ్గిపోతే భయపడాల్సిన పని లేదు.

క్లచ్ పెడల్ లేని కార్లు వచ్చాక కొత్త గందరగోళం మొదలైంది. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర జనంలోకి వచ్చిన ఏఎమ్‌టీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కి గేరు మార్చే పనిని మనిషికి బదులు యంత్రపు చేతులు చేస్తాయి, అంతే. 'ఆటోమేటిక్ కదా' అని దాని గేర్‌బాక్స్‌లో ఏటీఎఫ్ పోయించకూడదు. దానికి కావలసింది గేర్ ఆయిలే. ఆ యంత్రపు చేతులకు వాడే హైడ్రాలిక్ ద్రవం వేరే.

గేరు పడనంత మాత్రాన తప్పు ఆయిల్‌దే అనుకోనక్కర్లేదు. ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడాలి. ఆపినప్పుడు వెన్నలా పడుతూ, స్టార్ట్ చేశాక ఒకటో గేరు, రివర్స్ రెండూ మొండికేస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా అది బాగుపడదు. ఒక్క రెండో గేరో, ఒక్క మూడో గేరో మాత్రమే కొరుకుతుంటే రింగును అనుమానించాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. గేర్‌బాక్స్ దింపించే ముందు ఇది చేసి చూసుకోవడం ఎంతో అవసరం.

ఇక వానలు. గట్టి వాన పడితే మైత్రీవనం ముందు నీళ్లు నిలుస్తాయన్నది నగరంలో అందరికీ తెలిసిందే. 2020 అక్టోబరు వరదలో ఎన్నో కాలనీల్లో కార్లు మునిగాయి. గేర్‌బాక్స్‌కు గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటుంది. వేడిగా ఉన్న డొప్ప ఒక్కసారిగా నీళ్లలో చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి నీళ్లు లాగేసుకోవచ్చు. తర్వాత డ్రెయిన్ ప్లగ్ తీస్తే తేనె రంగులో దిగాల్సిన ఆయిల్ ఇరానీ చాయ్ రంగులో దిగుతుంది. ఇంజిన్ ఆయిల్ మార్పించి గేర్ ఆయిల్ మరిచిపోతే ఆ నీళ్లు లోపలే ఉండి బేరింగులను తుప్పు పట్టిస్తాయి.

ఆయిల్ మార్చేటప్పుడు దగ్గర నిలబడి చూడటం మంచిది. పని తెలిసిన మెకానిక్ ముందు డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోడు. పైనున్న ఫిల్లర్ ప్లగ్ వదులవుతుందో లేదో చూస్తాడు. అది బిగుసుకుపోయి ఉండగా కింది ఆయిల్ వదిలేస్తే ఎక్కడి బండి అక్కడే ఉండిపోతుంది. బండి కాస్త తిరిగి వేడెక్కాక దింపితే పాత ఆయిల్ పూర్తిగా దిగుతుంది. డ్రెయిన్ ప్లగ్ చివర అయస్కాంతం ఉంటే దానికి బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంటుంది. వేళ్ల మధ్య కాటుకలా నలిగితే అది మామూలు అరుగుదల. పెచ్చులు, సూదిమొనల్లాంటి ముక్కలు తగిలితే గేరు పళ్లు విరుగుతున్నట్టు. ఇత్తడి అయస్కాంతానికి అంటదు, అందుకని ట్రేలో దిగిన ఆయిల్‌ను ఎండలోకి జరిపి చూడాలి. బంగారు పొడి చల్లినట్టు మెరిస్తే అదే అరిగిపోతున్న సింక్రో రింగు.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు బండి నాలుగు చక్రాలూ సమంగా ఉండాలి. ముందు మాత్రమే జాకీ మీద లేపి పోస్తే లెక్క తప్పుతుంది. చాలా కార్లలో కొలిచే పుల్ల ఉండదు. ఫిల్లర్ రంధ్రం అంచు దాకా వచ్చి సన్నటి ధారగా కారడమే కొలత. తక్కువైతే కొన్ని గేర్‌బాక్సుల్లో చివర, కాస్త ఎత్తులో ఉండే ఐదో గేరుకు ముందుగా ఆయిల్ అందదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద హోరుగా పోయేటప్పుడే అది అరుస్తుంది.

దించిన రెండు లీటర్ల పాత ఆయిల్ ఎటు పోతుందో కూడా అడగాలి. కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. దాన్ని డబ్బాలో పట్టి శుద్ధి చేసేవాళ్లకు పంపాలి. షెడ్డు ముందు కాలువలో ఒంపితే అది చేరేది కూకట్‌పల్లి నాలాకు. సనత్‌నగర్, అమీర్‌పేట, బేగంపేటల పక్కనుంచి ఆ నాలా హుస్సేన్‌సాగర్‌లోకి పోతుంది.

బిల్లు తీసుకునేటప్పుడు 'గేర్ ఆయిల్ - 2 లీటర్లు' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోవద్దు. డబ్బా మీదున్న జీఎల్ అంకె, గ్రేడు, ఆ రోజు మీటరులో కిలోమీటర్లు పెన్నుతో రాయించుకుని, ఆ కాగితాన్ని గ్లవ్ బాక్స్‌లోని ఆ నలిగిన పుస్తకంలోనే ఆయిల్ పట్టిక ఉన్న పేజీ మధ్య పెట్టుకోవాలి.